ఆయుధపూజ ఫొటో

చిన్నాన్న ఊపిరితిత్తుల్లో రాతిపొడి ఉందని విశాఖ డాక్టరు ఒక్క ఎక్స్‌రే చూసి చెప్పేశాడు. ఆ పొడి ఫలానా క్వారీదని చూపించడానికి మాత్రం మాకు రెండేళ్లు పట్టింది.

టెక్కలి వైపు నీలం గ్రానైట్ క్వారీల్లో ఆయన పద్దెనిమిదేళ్లు జాక్‌హ్యామర్ పట్టాడు. నీళ్లు పెడుతూ డ్రిల్లింగ్ చేస్తే దుమ్ము అణుగుతుంది. కానీ ఆ నీళ్ల ఖర్చు ఎవరు పెడతారు? ముక్కుకి తువ్వాలు కట్టుకోవడమే. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి, "ముసలోడివైపోయావు" అని పిల్లలం నవ్వేవాళ్లం. దగ్గు పట్టుకున్నాక టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా ఆరు నెలలు మాత్రలు మింగించారు. "ఏం పని చేస్తావు?" అని మొదట అడిగింది ఆ విశాఖ డాక్టరే. జబ్బు పేరు సిలికోసిస్.

2020 సంక్రాంతి తర్వాత చిన్నాన్న ఇక పనికి వెళ్లలేకపోయాడు. మేస్త్రీ 50 వేలు చేతిలో పెట్టి, ఇకమీద ఏమీ అడగనని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకున్నాడు. కథ అయిపోయిందనుకున్నాం. లాయరు ఆ పేపరు చూసి పక్కన పడేశాడు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 17వ సెక్షన్ ప్రకారం హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదట. పరిహారం అడగడానికి గడువు రెండేళ్లు. జబ్బులకైతే, ఆ జబ్బుతో వరుసగా పని మానేసిన మొదటి రోజు నుంచి లెక్క. 2021 నవంబరులో, గడువుకి రెండు నెలల ముందు, క్లెయిమ్ వేశాం. (ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, ఉన్నవాళ్లు అక్కడే అడగాలి, ఈ దారి వాళ్లకి లేదు. ఇప్పుడు ఈ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు.)

విచారణలో యజమాని తరఫువాళ్లు జబ్బు గురించి పెద్దగా మాట్లాడలేదు. "ఈయనెవరో మాకు తెలీదు" అన్నారు, అంతే. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరు లేదు. కూలి డబ్బులు మేస్త్రీ చేతుల మీదుగా వచ్చేవి. టీ కొట్టు ఖాతా పుస్తకం పట్టుకెళ్తే దాన్ని తిప్పి కూడా చూడలేదు.

చివరికి చిన్నమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక ఫొటో తీసింది. 2016 దసరా. పసుపు, కుంకుమ పూసి నిమ్మకాయలు కట్టిన కంప్రెసర్, భుజాన జాక్‌హ్యామర్‌తో చిన్నాన్న, ఆయన పక్కనే కొబ్బరికాయ పట్టుకుని యజమాని. వెనకాల క్వారీ బోర్డు. "ఇదెక్కడ దాచావమ్మా ఇన్నాళ్లూ?" అన్నాడు లాయరు. "నన్నెవరడిగారు బాబూ?" అంది చిన్నమ్మ.

మాకొచ్చిన పరిహారం లెక్క ఇదీ. కూలి ఎంతున్నా చట్టం అప్పట్లో నెలకి 15,000 వరకే చూసేది. అందులో 60 శాతం 9,000. యాభై ఏళ్ల వయసుకి చట్టం షెడ్యూల్లో (పట్టికలో) ఉన్న అంకె 153.09తో హెచ్చిస్తే 13,77,810. సంపాదించే శక్తి 40 శాతం పోయిందని డాక్టరు రాశాడు కాబట్టి మాకొచ్చింది 5,51,124, పైన 12 శాతం వడ్డీ. నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయే మనిషిలో 60 శాతం శక్తి ఎక్కడ మిగిలిందో నాకైతే కనపడలేదు.

ఫొటో ఇంకా ఫైల్లోనే ఉంది. చిన్నమ్మ వారానికోసారి ఫోన్ చేసి దాని గురించే అడుగుతోంది. ఆధార్ కార్డు మీదది తప్ప చిన్నాన్నది వేరే ఫొటో ఇంట్లో లేదు.