తప్పు చోడంబలిది కాదు

మొన్న చలికాలంలో శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర కొండవాలున ఉన్న ఒక పల్లెలో, వంశపారంపర్యంగా వచ్చే సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బుకు పరీక్షలు జరుగుతుంటే, జీవశాస్త్రం చదివే నా డిగ్రీ విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడ ఒక సవర తల్లి పది నెలల పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాప రెండు చేతుల వేళ్ళూ పొంగిపోయి, చర్మం నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే చాలు ఏడుస్తోంది. "ఆరు నెలలూ బాగానే ఉంది బాబూ. చోడంబలి పట్టిన కాడినుంచే ఇలాగ అయిపోనాది. నేను పెట్టిందే పడనేదేటి?" అని ఆమె అడిగింది. చోడంబలి అంటే రాగి జావ.

ఆ ప్రశ్నకు జవాబు మన రెండవ క్రోమోజోముపై ఉన్న బీసీఎల్11ఏ అనే జన్యువులో ఉంది. అది తయారుచేసేది ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే వేరే జన్యువుల దగ్గర చేరి వాటిని పని చేయించే లేదా ఆపివేసే ప్రోటీన్. కడుపులో ఉన్న బిడ్డ రక్తంలో ఆల్ఫా, గామా గొలుసులతో కూడిన శిశు హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన తరువాత నెలల వ్యవధిలో గామా స్థానంలోకి బీటా గొలుసు వస్తుంది. ఈ మార్పిడిలో గామా జన్యువు ముందు భాగాన్ని పట్టుకుని దాన్ని మూసివేసేది ముఖ్యంగా బీసీఎల్11ఏ. సికిల్‌సెల్ ఉన్న బిడ్డలో లోపం బీటా గొలుసులోనే ఉంటుంది: ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉండడం వల్ల, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ పోగులుగా పేరుకుని ఎర్రకణాన్ని కొడవలిలా వంచుతుంది, అటువంటి కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. గామా ఉన్నన్నాళ్ళూ బిడ్డకు రక్షణ ఉంటుంది, అది తగ్గేసరికి జబ్బు పైకి వస్తుంది. అంబలి మొదలుపెట్టే వయసూ సరిగ్గా అదే కావడంతో తల్లి తనను తాను నిందించుకుంటోంది.

నవజాత శిశువుల్లో కొడవలి కణాలు తక్కువగా కనిపించడానికి శిశు హిమోగ్లోబినే కారణం కావచ్చునని జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు 1948లోనే సూచించారు. కానీ గామా జన్యువు తలుపు మూసేది ఎవరో తేలడానికి అరవై ఏళ్ళు పట్టింది. పెద్దయ్యాక కూడా శిశు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండే మనుషుల జన్యువులను పోల్చి చూసిన పరిశోధనలు 2007, 2008లలో బీసీఎల్11ఏ వైపు వేలు చూపించాయి. అంతకుముందు అది బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్లకు సంబంధించిన జన్యువుగానే పేరుపడింది. దాన్ని ఒళ్ళంతటా ఆపివేయడం కుదరదు, ఎందుకంటే మెదడు ఎదుగుదలకు కూడా అది కావాలి. దాని రెండు ప్రతుల్లో ఒక్కటి పాడైనా చాలు, పిల్లల్లో బుద్ధిమాంద్యం కలుగుతుంది. అయితే ఎర్రకణాల తయారీలో మాత్రమే దానికి ఊతమిచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్క ఒకటి ఉందని 2013లో తేలింది. ఈ కథంతటిలో నా మనసుకు బాగా పట్టినది ఆ ముక్కే. రోగి మూలకణాలను బయటికి తీసి, జన్యువులను సవరించే క్రిస్పర్ పద్ధతిలో అక్కడ కోత పెట్టి, తిరిగి ఎక్కించే కాస్జెవీ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మందస కొండల్లో ఇప్పటికి అందేది హైడ్రాక్సీయూరియా అనే బిళ్ళ. అదీ శిశు హిమోగ్లోబిన్‌ను పెంచేదే కనుక, క్రమం తప్పకుండా అందేలా చూడడం మన బాధ్యతని నేను గట్టిగా నమ్ముతాను.

పరీక్ష చేసే అమ్మాయి పాప రక్తపు చుక్కను ద్రావణంలో కలిపి, నల్లగీతలు గీసిన కాగితం ముందు గొట్టాన్ని పట్టుకుంది. ద్రావణం మసకబారి గీతలు కనబడలేదు, అంటే ఆ రక్తంలో కొడవలి హిమోగ్లోబిన్ ఉన్నట్టు. తల్లి రక్తంతో చేసినప్పుడూ గీతలు కనబడలేదు, కానీ ఆమెకు ఎన్నడూ నొప్పులు లేవు కనుక ఆమె వాహకురాలు, అంటే లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్న మనిషి, మాత్రమే అయి ఉండవచ్చు. ఎవరిది జబ్బో, ఎవరిది వాహకత్వమో ఈ పరీక్ష తేల్చలేదు కాబట్టి ఇద్దరి నమూనాలనూ పెద్ద పరీక్షకు పంపారు. బిడ్డకు జబ్బు రావాలంటే ఆ లోపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ రావాలి. తండ్రి చెన్నైలో తాపీపనిలో ఉన్నాడు, వచ్చాక అతనికీ చేయాలి.

కడుపులో ఉన్నప్పటి రక్తం ఒకటి, తరువాతి రక్తం ఒకటి అని, ఆ మారే వేళకే జబ్బు బయటపడిందని, అంబలికి దానితో సంబంధం లేదని ఆమెకు చెప్పాను. "అయితే అంబలి మానక్కర్నేదా బాబూ?" అంది. మానవద్దమ్మా అన్నాను. సంచిలోంచి స్టీలు గిన్నె తీసి, పొంగిన వేళ్ళు తన చేతికి తగలకుండా మోచేతిని పైకెత్తి పట్టుకుని, పాప నోటికి చెంచా అందించింది.