నూటికి ముప్పై ఏడున్నర అంటే ఆరణాలేగా

మొన్న రైల్వే ఎన్‌టీపీసీ ఉద్యోగ పరీక్షకి మాక్ టెస్ట్ రాస్తుంటే ఒక బిట్ వచ్చింది, 640లో 37.5 శాతం ఎంత అని. నేను ఎప్పట్లాగే 640 ఇంటూ 37.5 వేసుకుని, పాయింట్ ఎక్కడ పెట్టాలో తేలక కొట్టేసి మళ్ళీ వేసి, మొత్తానికి రెండు నిమిషాలు అక్కడే పోయాయి. అసలు పరీక్షలో ఫస్ట్ స్టేజ్ 90 నిమిషాలకి 100 బిట్లు, అంటే ఒక్కోదానికి 54 సెకన్లే.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా నాయనమ్మ (ఎనభై దాటాయి, లెక్కలు మాత్రం చురుకు) "నూటికి ముప్పై ఏడున్నర అంటే రూపాయికి ఆరణాలేగా, ఆరువందల నలభైలో అణా వంతు నలభై, ఆరు నలభైలు రెండొందల నలభై" అనేసింది. నా నోట మాట లేదు. 1957లో రూపాయికి వంద పైసలు చేసేదాకా పదహారణాల లెక్కే కదా, అర్ధ రూపాయి 50, పావలా 25, బేడ అంటే రెండణాలు 12.5, అణా 6.25... కోచింగ్‌లో మాతో బట్టీ పట్టించిన టేబుల్లో సగం ఇదే.

అణాలకి లొంగనివి మూడో వంతు, ఆరో వంతు, ఏడో వంతు. 33.33, 16.66, 14.28, ఇవి మాత్రం బట్టీయే, వేరే దారి లేదు.

కానీ నన్ను ఎక్కువ ముంచేది గుణకారం కాదు, ఆ శాతం దేని మీద అన్నది. నూనె ధర 25 శాతం పెరిగింది, ఖర్చు పెరగకుండా వాడకం ఎంత తగ్గించాలి అంటే చెయ్యి దానంతటదే 25 పెట్టేస్తుంది. నాలుగు రూపాయల సరుకు ఐదైంది, అంటే ఇప్పుడు తగ్గించాల్సింది ఐదులో ఒక వంతు, 20 శాతం. రేషియోలో కూడా ఇదే గొడవ, ఇద్దరి జీతాలు 3:5 అయితే మొదటివాడికి రెండోవాడి కంటే 40 శాతం తక్కువ, అదే రెండోవాడికి మొదటివాడి కంటే 66.66 శాతం ఎక్కువ, తేడా అదే రెండు వంతులు, కింద పెట్టే అంకె మారిందంతే.

ఇంకోటి చెప్పడానికి సిగ్గేస్తోంది. 5,000 అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి ఎంత అని అడిగితే 100 అని పెట్టొచ్చా. మన ఊళ్ళలో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి అని చిన్నపిల్లలకీ తెలుసు, పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం అయ్యేది అందుకే, మరి ఇది 24 శాతం, 1,200 రావాలి. మార్కు పోయింది, దానిమీద నెగెటివ్ కింద ఇంకో మూడో వంతు కోత.

ఈ బిట్ సంగతి మాత్రం నాయనమ్మకి చెప్పలేదు.