బొర్రా దగ్గర పట్టేసిన చక్రం

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లకు అటూఇటూ. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేదాకా కారు బుద్ధిగానే నడిచింది. రాత్రి పడ్డ వానకు మలుపుల్లో ఎర్రమట్టి నీళ్లు. బొర్రా గుహల పార్కింగ్‌లో నేల వాలుగా ఉందని ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ బటన్ లాగి దిగాం, గుహలు చూసి తిరిగొస్తే అది వదలనంది.

బ్రేకు తొక్కి బటన్ నొక్కుతుంటే ఎర్రలైటు మినుకుమినుకుమంటుందే తప్ప ఉలుకూ పలుకూ లేదు. గేరు డ్రైవ్‌లో వేసి కాస్త యాక్సిలరేటర్ ఇస్తే బండి కదలకుండా వెనక భాగం కిందికి కూర్చుంటోంది. మా బావేమో "గట్టిగా తొక్కు, అదే వదుల్తుంది" అని ఒకటే సలహా! పాతరకం అయితే వైరైనా లూజు చేసుకునేవాళ్లం, ఇందులో వెనక చక్రాల కాలిపర్లకు, అంటే బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగాలకు, చెరో చిన్న మోటారు, అది తిరిగితే లోపలి స్క్రూ ప్యాడ్లను చక్రంతో పాటు తిరిగే డిస్కుకు నొక్కుతుంది, అంతే. బ్యాటరీ డౌనైనా ఇలా మొరాయిస్తుందని ముందు దాన్నే అనుమానించాను, కానీ ఇంజన్ తిరుగుతూనే ఉంది, టెర్మినళ్లు కూడా బిగువుగానే ఉన్నాయి.

పక్కన జీపు డ్రైవరొకాయన వచ్చి, "బాబూ, నువ్వు నొక్కు, నేను వింటాను" అని వెనక గొంతుక్కూర్చున్నాడు. ఎడమ చక్రం దగ్గర జుయ్‌మని చప్పుడు, కుడివైపు నిశ్శబ్దం. అక్కడే సగం తేలిపోయింది, స్విచ్చు పోతే రెండూ మూగబోవాలి కదా.

గేరు పార్క్‌లో వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంజన్ ఆపి కాసేపు ఆగాం. ఆయన టార్చి వేసి కుడి మోటారు కనెక్టర్ ఊడదీస్తే లోపల తడి మట్టి, పిన్ను మీద పచ్చగా చిలుము. రబ్బరు సీలు పక్కకు జరిగిపోయి ఉంది. గుడ్డతో తుడిచి, ఎమరీ పేపర్ ముక్కతో సున్నితంగా గీకి, టక్‌మనేదాకా నొక్కాడు. ఈసారి బటన్ నొక్కితే రెండువైపులా జుయ్! మూడుసార్లు వేసి తీస్తే లైటు కూడా పోయింది. డబ్బులివ్వబోతే టీ చాలన్నాడు.

ఆ తర్వాత అరకులో ఉన్నన్నాళ్లూ ఆ బటన్ జోలికి పోలేదు, సమతల నేల వెతుక్కుని గేరు పార్క్‌లో పెట్టడమే. సుంకరిమెట్ట కాఫీ తోటల దగ్గర మాత్రం నేను ఇంజన్ ఆపకముందే బావ రాయి పట్టుకుని దిగాడు.