పోచంపల్లి, భువనగిరి: పాత సినిమా ఫ్రేములు పట్టుకొని వీకెండ్ ట్రిప్

సినిమా దర్శకుడు శ్యామ్ బెనగల్ సినిమాలు తీసిన ఊళ్ల ట్రిప్ అయిపోయింది. రాలేనివాళ్లు ఒక్కొక్కరుగా ఫోన్ చేసి "ఏమైంది, ఏం దొరికింది" అని అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఒకేసారి రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, కావాల్సిన ముక్క చూసుకోండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం: మేం చేసేది పాత సినిమాలోంచి ఒక ఫ్రేమ్ తీసుకొని, అది ఏ ఊళ్లో ఏ మూల తీశారో వెతికి, అప్పుడు కెమెరా ఎక్కడ పెట్టారో అక్కడే నిలబడి ఇప్పటి ఫోటో తీయడం. అంతే. పనికొచ్చే పనా అని మా ఇంట్లో కూడా అడుగుతారు. నల్లగొండలో ఆదివారం పూట ఇంతకన్నా మంచి పని నాకైతే కనబడలేదు.

ఈసారి శ్యామ్ బెనగల్‌నే ఎందుకు పట్టుకున్నామంటే, ఆయన సికింద్రాబాద్ తిరుమలగిరిలో 1934లో పుట్టిన మనిషి, నిజాం కాలేజీలో చదివాడు, బొంబాయి పోయి సినిమాలు తీసినా కథల కోసం మళ్లీ ఇటే వచ్చాడు. 2024 డిసెంబరులో పోయాడు, అప్పటి నుంచి లెక్చరర్ సార్ ఈ ట్రిప్ గురించి పోరుతూనే ఉన్నాడు. మన పాత నల్లగొండ జిల్లాలోనే ఆయన సినిమాలు మూడు ఉన్నాయి. నిశాంత్ (1975) పోచంపల్లిలో, మండీ (1983) భువనగిరిలో, సుస్మన్ (1987) మళ్లీ పోచంపల్లిలో. 2016లో జిల్లాలు విడిపోయాక ఈ రెండు ఊళ్లూ యాదాద్రి భువనగిరి కిందికి పోయాయి కానీ మాకు మాత్రం ఇప్పటికీ మన జిల్లానే. 'మా భూమి' సినిమా కూడా కలుపుదామని బావ పట్టుబట్టాడు. కథ మన నల్లగొండదే అయినా షూటింగ్ మెదక్ వైపు జరిగింది, ఒక వీకెండ్‌లో రెండు వైపులా తిరగడం కుదరదని పక్కన పెట్టాం.

ముందు పని గురించి. ఫ్రేములు తీసేటప్పుడు ఒక జాగ్రత్త: ఆన్‌లైన్‌లో దొరికే పాత సినిమాల కాపీలు చాలావాటిని ఇప్పటి వెడల్పు టీవీలకు సరిపోయేలా పైన కింద కోసేశారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ కోసేసిన పై భాగంలోనే మనకు కావాల్సిన గుట్టలు, గోపురాలు, చెట్ల కొసలు పోతాయి. అందుకే చదరంగా ఉండే పాత కాపీ, క్వాలిటీ కాస్త తక్కువైనా సరే, అదే వాడండి. వీడియో తీసే తమ్ముడు మూడు సినిమాలూ ఓపికగా ఆపి ఆపి చూసి బయట తీసిన షాట్లు మాత్రమే పక్కకు తీశాడు. అందులోనూ మనుషుల మొహాలు దగ్గరగా ఉన్నవి తీసేసి, వెనక ఏదో ఒకటి కనిపించేవే ఉంచాం. ఒక్కో ఫ్రేమ్‌ని ఏ4 కాగితం మీద ప్రింట్, దాంతోపాటు ప్లాస్టిక్ షీటు మీద మార్కర్‌తో గీతలు మాత్రమే: గుట్ట వాలు, గోడ అంచు, మెట్లు. ఆ షీటుని ఫోన్ స్క్రీన్ మీద పెట్టి కదిలితే ఎక్కడ నిలబడాలో చాలా తొందరగా తెలుస్తుంది. ఫోన్‌లో ఒక ఫోటో మీద ఇంకో ఫోటో లేతగా చూపించే యాప్‌లు ఉన్నాయి, పని చేస్తాయి, కానీ ఎండలో స్క్రీన్ కనబడక చిరాకు. షీటే నయం.

ఇంకో ముక్క. ఫోన్ మామూలుగా తెరిస్తే వచ్చే లెన్స్ చాలా వెడల్పు. సినిమావాళ్లు చాలా షాట్లు అంత వెడల్పు లెన్స్‌తో తీయలేదు. అందుకని ఫోన్‌ని రెండింతలు జూమ్‌లో పెట్టి వెనక్కి నడవాలి, అప్పుడే వెనకున్న గుట్ట సరైన సైజులోకి వస్తుంది. ముందుకు పోయి వెడల్పుగా తీస్తే ఇల్లు సరిపోతుంది, గుట్ట చిన్నదైపోతుంది.

శనివారం పొద్దుగాలే తూఫాన్ బండిలో బయలుదేరాం. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, అక్కడ హైవే దిగి పోచంపల్లి. టిఫిన్ చౌటుప్పల్‌లోనే కానిచ్చేశాం, ఎందుకంటే ఊళ్లోకి పోయాక నీడలు పొట్టిగా కాకముందే పని మొదలుపెట్టాలి. ఫ్రేమ్‌లో నీడ ఎడమకి పొడుగ్గా పడిందంటే అది పొద్దున్నో సాయంత్రమో తీసిన షాటే. ఆ నీడ దిక్కు తెలిస్తే కెమెరా ఎటు తిరిగి ఉందో సగం తెలిసినట్టే.

నిశాంత్ చూడనివాళ్లకు క్లుప్తంగా: 1945 నాటి పల్లె, జమీందారు అన్నదమ్ములు, కొత్తగా వచ్చిన బడిపంతులు, ఆయన భార్యను ఎత్తుకుపోవడం, చివరికి ఊరు తిరగబడటం. గిరీష్ కర్నాడ్, షబానా, అమ్రిష్ పురి, స్మితా పాటిల్. నసీరుద్దీన్ షాకి మొదటి పెద్ద వేషం ఇదే. కెమెరా గోవింద్ నిహలానీ. లెక్చరర్ సార్ దారిపొడుగునా చెప్పిన ముచ్చట ఏంటంటే, ఈ సినిమా తీసిన ఊరు ఏదో ఒక ఊరు కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చి భూమి లేనివాళ్ల మాట విని ఎవరైనా ఇస్తారా అని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నాడు, భూదాన ఉద్యమం అక్కడే మొదలైంది. దొర భూమి ఇచ్చిన ఊరికి ఇరవై నాలుగేళ్ల తర్వాత వచ్చి దొర మీద ఊరు తిరగబడే సినిమా తీశారన్నమాట. ఆ ఊరిని ఎంచుకోవడంలో బెనగల్ ఆలోచన ఏదైనా గానీ, వినోబా మందిరం ముందు నిలబడి చేతిలో ఆ ఫ్రేములు పెట్టుకుంటే ఇది గుర్తుకు రాక తప్పదు.

ఇక అసలు పని. ఇళ్లు వెతకడం దండగ. యాభై ఏళ్లలో మట్టిగోడలు, గూన పెంకుల కప్పులు పోయి స్లాబులు వచ్చాయి, వీధి మట్టం పెరిగింది, అరుగులు సగం సిమెంటు రోడ్డు కిందికి పోయాయి. పాత ఫ్రేమ్ చూపించి "ఈ ఇల్లు ఎక్కడ" అంటే పెద్దవాళ్లు కూడా తలా ఒక వీధి చెప్పారు. ఒక పెద్దాయన మాత్రం ఇంటి వైపు చూడకుండా ఫ్రేమ్ అంచులో ఉన్న రాళ్ల వైపు వేలు పెట్టి, "ఇల్లు నాకు తెల్వదు బిడ్డా, గీ బండలు అటుదిక్కు ఉన్నట్టున్నయి, పోయి చూడుండ్రి" అన్నాడు. ఆ మాట పట్టుకొని తిరిగితే ఒక గుట్ట వాలు షీటు మీద గీతకి బాగా దగ్గరగా వచ్చింది. ఇదే అని పక్కాగా రాయలేదు, "అనుమానం" అన్న ఖానాలో పెట్టాం. మా దగ్గర మూడు ఖానాలే: పక్కా, అనుమానం, కాదు. పక్కా కావాలంటే ఫ్రేమ్‌లో కనీసం మూడు కదలని గుర్తులు కలవాలి, అందులో రెండు వేరువేరు దూరాల్లో ఉండాలి. దగ్గర బండ, దూరపు గుట్ట కలిశాయంటే కెమెరా స్థలం అదే. గుట్ట ఒక్కటే కలిస్తే ఊరు మొత్తంలో ఎక్కడ నిలబడ్డా కలుస్తుంది. ఈ రూలు గురించి మా బావకీ నాకూ రోజంతా కొట్లాటే, ఆయనకి అన్నీ పక్కాగానే కనిపిస్తాయి.

ఇకముందు ఏ ఊరు పోయినా ముందు గుట్టలు, బండలు, చెరువు కట్ట, గుడి, ఆ తర్వాతే ఇళ్లు. మన వైపు నేలంతా గ్రానైటు, క్వారీ వాళ్లు చెయ్యి పెట్టకపోతే బండ ఎక్కడికీ పోదు.

మధ్యాహ్నం సుస్మన్ పని. ఇది వేరే రకం. ఓం పురి నేత కార్మికుడు రాములు, షబానా గౌరమ్మ. బయటి షాట్లకన్నా మగ్గం దగ్గరి షాట్లే ముఖ్యం. లైబ్రరీ అక్కకి తెలిసినవాళ్లు ఉండటంతో ఒక ఇంట్లో ఆసు పోయడం (నూలుని చేత్తో మేకుల చుట్టూ తిప్పడం) నుంచి మగ్గం దాకా దగ్గరుండి చూశాం. ఇక్కడ ఫ్రేమ్ కలపాల్సింది స్థలంతో కాదు, పనితో. గ్రాఫ్ కాగితం మీద డిజైన్, దాని ప్రకారం నూలుకి రబ్బరు ముక్కలతో చిటికి (రంగు అంటకుండా బిగించే కట్టు) కట్టడం, రంగులో ముంచడం, విప్పి మళ్లీ కట్టడం. ముందు రంగు, తర్వాతే నేత, అందుకే పోచంపల్లి చీర మీద పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. సినిమాలో ఆ చేతుల కదలిక చూపించిన షాట్లు తీసుకుపోయి ఆ ఇంటి అమ్మకి ఫోన్‌లో చూపిస్తే ఓం పురి చేతులనే చూసింది, మొహం చూడలేదు. "నేర్చుకొనే చేసిండు" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

ఆసు దగ్గర మాకు ఎక్కువ సేపు పట్టింది. ఒక చీరకి చెయ్యిని ఆ మేకుల చుట్టూ సుమారు 9,000 సార్లు తిప్పాలి, ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. ఆలేరు దగ్గరి శారాజీపేట నేతన్న చింతకింది మల్లేశం వాళ్లమ్మ పడే భుజాల నొప్పి చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద ప్రియదర్శితో 'మల్లేశం' అని సినిమా కూడా వచ్చింది. సుస్మన్‌లో చెయ్యి, మల్లేశంలో యంత్రం, ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చిన్న వీడియో చేయాలని తమ్ముడి ప్లాన్. బాగుంటుంది. ఒక్క మాట, మగ్గం మీద ఉన్న కొత్త డిజైన్ ఫోటో అడగకుండా తీయొద్దు. డిజైన్ బయటికి పోతే మిల్లు ప్రింటు చీర వారంలో మార్కెట్‌లో ఉంటుందని వాళ్ల భయం, అది న్యాయమైన భయమే. మేం చేతులు, ఆసు మాత్రమే తీశాం.

సాయంత్రం బీబీనగర్ మీదుగా భువనగిరి. మధ్యలో రుద్రవెల్లి దగ్గర మూసీ దాటాలి, వానాకాలంలో మూసీ పొంగితే అక్కడ దారి మూసేస్తారు, కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో పోయేవాళ్లు ముందే కనుక్కోండి. రాత్రి భువనగిరిలో లాడ్జి. గదుల గురించి రాయడానికి ఏమీ లేదు, దోమల బత్తి తీసుకుపోండి.

ఆదివారం మండీ. ఊరి మధ్యలో ఉన్న వేశ్యావాటికని పెద్దమనుషులంతా కలిసి ఊరి బయటికి తోసేస్తారు, ఆ బయటి జాగాలోనే మళ్లీ జనం పోగవుతారు. షబానా, స్మితా, నసీరుద్దీన్ షా, ఓం పురి, అందరూ ఉన్నారు. మూడింటిలోనూ నాకు ఇదే ఇష్టం, ఆ హైదరాబాదీ హిందీ కోసమైనా చూడొచ్చు. కానీ ఫ్రేములు కలపడానికి మాత్రం కష్టమైన సినిమా, ఎందుకంటే దీనికి కళాదర్శకుడు నితీష్ రాయ్, జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిందంటేనే అనుమానించాలి: మనం గోడ అనుకునేది గోడ కాకపోవచ్చు! ఆ నితీష్ రాయే తర్వాత రామోజీ ఫిల్మ్ సిటీకి రూపం ఇచ్చాడు. నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సెక్కిన ప్రతిసారీ మనం దాని ముందు నుంచే పోతాం, భువనగిరిలో పనిచేసిన మనిషిదే అదీ అని ఎంతమందికి తెలుసు?

అందుకే లోపలి షాట్లు ముట్టుకోలేదు, బజారు షాట్లు, బయటి బీడు భూమి షాట్లు మాత్రమే. పొద్దున్నే కోట ఎక్కాం. విక్రమాదిత్యుడు (చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడు, ఊరికి పేరు ఆయన వల్లే) కట్టించిన ఈ కోట ఒకే బండ మీద ఉంది, అయిదొందల అడుగుల ఎత్తు. మలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కకముందు ట్రైనింగ్ తీసుకున్నది ఈ బండ మీదే. మేం ఎక్కింది మాత్రం ఊరిని పైనుంచి చూసి, బజారు ఏ దిక్కుకి పెరిగిందో, 1983 నాటికి ఊరు ఎక్కడ ఆగి ఉంటుందో అంచనా వేయడానికి. పాత ఇళ్ల కప్పులు ఎక్కడ గుంపుగా ఉన్నాయో పైనుంచి స్పష్టంగా తెలుస్తుంది, కింద తిరిగితే షాపు బోర్డుల వెనక ఏమీ కనబడదు. కోట గేటు ఎప్పుడు తీస్తారో ముందురోజే కనుక్కోండి, నీళ్లు మోసుకుపోండి, వానపడితే మెట్లు జారుడు. లెక్చరర్ సార్ మోకాళ్ల వల్ల సగంలో కూర్చొని అక్కడి నుంచే మాకు డైరెక్షన్ ఇచ్చాడు.

బజారులో ఒక్క ఫ్రేమ్ కూడా పక్కా ఖానాలోకి రాలేదు. రెండు మాత్రం అనుమానంలో ఉన్నాయి, పై అంతస్తు చెక్క కిటికీల వరస, దాని పక్క సందు మలుపు కలుస్తున్నాయి, మూడో గుర్తు లేదు. ఒక కిరాణా కొట్టు ఆయన "మా నాయనకి తెలిసుండేది" అన్నాడు. ఈ మాట ప్రతి ఊళ్లో వింటాం, అందుకే ఈ పని ఇంకో పదేళ్లు వాయిదా వేస్తే కాదు.

తిరుగు ప్రయాణం వలిగొండ, రామన్నపేట, చిట్యాల మీదుగా. ఖర్చు బండి డీజిల్, లాడ్జి, తిండి అన్నీ తలా పంచుకున్నాం, లెక్క అక్క దగ్గర ఉంది, ఇంకా ఇవ్వనివాళ్లు ఇవ్వండి (బావా, నిన్నే).

వచ్చేసారి రాచకొండ అంటున్నారు కొందరు. 2014లో అక్కడ ఫిల్మ్ సిటీ అని హెలికాప్టర్ సర్వే దాకా వెళ్లింది, ఇప్పటికీ రాళ్లే ఉన్నాయి, అందం ఉంది గానీ మనకు కావాల్సిన పాత ఫ్రేములు లేకుండా పోయి ఏం చేస్తాం? నా ఓటు మళ్లీ భువనగిరికే. దానికి ఒక సాయం కావాలి: 1980ల్లో భువనగిరి బజారులో తీసిన పెళ్లి ఊరేగింపు ఫోటోలు, షాపు ప్రారంభోత్సవం ఫోటోలు ఎవరింట్లోనైనా ఆల్బమ్‌లో ఉంటే, మనుషులు కాదు, వెనక గోడలు కనిపించేవి, ఫోన్‌తో తీసి పంపండి. ఫోటో మీద మెరుపు పడకుండా కిటికీ పక్కన పెట్టి తీయండి, ప్లాస్టిక్ కవర్లోంచి తీసి.