ఈ ఆదివారం ఫోన్ నా దగ్గర లేదు

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా శ్రీకాకుళం ఉద్దానంలో చదువు రాని ముసలమ్మకి కూడా ‘క్రియాటినిన్’ అనే మాటకి నోరు తిరుగుతుంది, రక్తంలో అది పెరిగితే కిడ్నీ దెబ్బతింటోందని. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా పెళ్లి భోజనాల దగ్గర కూడా ఎవరికి ఎంత పెరిగిందన్న కబుర్లే. అలాంటి చోట పుట్టి, వారానికి రెండుసార్లు ఎవరో ఒకరికి తోడుగా డయాలసిస్‌కి వెళ్తూ, వాళ్ల పింఛను కాగితాలు నేనే రాసిపెడుతూ, రెండేళ్లపాటు నా రక్త పరీక్ష మాత్రం చేయించుకోలేదు. టైం లేదు అనేదాన్ని. అబద్ధం. భయం, దానికి తోడు కాస్త పొగరు కూడా, అందర్నీ చూసుకునేదానికి నాకేమవుతుందిలే అని.

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పిక్కలోంచి కారే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, చేతులకి బూడిద రాసుకున్నా పూర్తిగా ఆగదు. అరిగిపోయి నల్లబడ్డ ఆ వేళ్లు రేషన్ మిషన్‌లో పడేవి కావు. నేను ఈ పనిలోకి పెద్ద ఆశయాలతో ఏమీ రాలేదు, అమ్మ వేలిముద్ర పడలేదని బియ్యం లేవంటే డిపో దగ్గర గొడవ పడ్డాను, అంతే. తర్వాత మా వీధి వాళ్లు పిలిచారు, ఆ తర్వాత పక్క ఊళ్లవాళ్లు. మా వీధంటే ఊరి చివర దళితుల వీధి. ఆఫీసుకి వెళ్తే ఏం పని మీద వచ్చావని అడిగే ముందు ‘ఎవరమ్మాయివి?’ అంటారు చూడండి, అక్కడ వాళ్లకి కావలసింది మా నాన్న పేరు కాదు.

ఇంకో రకం కూడా ఉన్నారు, మనవైపే ఉండేవాళ్లు. విశాఖలో మీటింగ్ పెట్టి ‘మీ అనుభవం చెప్పమ్మా’ అని మైకు ఇస్తారు. అమ్మ చేతుల గురించి చెప్తే కళ్లు తుడుచుకుంటారు. ఎవరికి ఎన్ని నెలల పింఛను ఆగిందో రాసుకున్న నోట్‌బుక్ తీసేసరికి టైం అయిపోతుంది! వాళ్ల మీద నాకు కోపం లేదు, కానీ అలా మాట్లాడి వచ్చిన రాత్రి మాత్రం బాగా అలసిపోతాను, పది మంది పింఛన్లు తిరిగి వచ్చినరోజు కూడా అంత అలసట ఉండదు.

పోయిన వేసవిలో డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నదాన్ని అలాగే ఒరిగిపోయాను. పొద్దున్నుంచి ఒక టీ తప్ప ఏమీ లేదు. మంచినీళ్లు కూడా తాగలేదు, బాత్రూమ్ ఎక్కడ వెతుక్కుంటాంలే అని, ఇది మన ఆడవాళ్లందరికీ తెలిసిన లెక్కే. నేను తోడుగా తీసుకెళ్లిన పెద్దాయనే, చేతికి కట్టుతో, ఆటో పిలిచి నన్ను ఇంటికి చేర్చాడు. సిగ్గేసింది.

పిన్ని చూడ్డానికి వచ్చింది. ఆమెది సోంపేట దగ్గర, బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని రిలే దీక్షలో కూర్చున్న మనిషి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, పర్యావరణ అనుమతి కూడా అదే రోజు రద్దయింది, అయినా శిబిరం ఎత్తేయలేదు, ఏళ్ల తరబడి నడిపారు. చోడంబలి గ్లాసు నా చేతిలో పెట్టి, ‘ఒక్కల్లమే కూసుంటే వారానికే సచ్చిపోదుమే గుంటా, మావు వంతులేసుకున్నాం’ అంది. ఒక రోజు కూర్చోవడం, మర్నాడు పొలానికి పోవడం. వంతు లేని రోజు శిబిరం ఎలా నడుస్తోందని బెంగ పెట్టుకునేదానివా అని అడిగితే, ‘నాకెందుకు, ఆల్ల వంతు కదా’ అంది. చిన్నప్పుడు ఆ దీక్షల గురించి ఎన్నిసార్లు విన్నానో, ఈ ముక్క మాత్రం ఎప్పుడూ చెవికెక్కలేదు.

పరీక్ష చేయించుకున్నాను. ప్రస్తుతానికి పర్వాలేదు, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు.

ఇప్పుడు సాయం కోసం జనం చేసే ఫోన్‌కి ముగ్గురం వంతులేసుకున్నాం. ఆదివారం ఫోన్ డిగ్రీ చదివే ఒక అమ్మాయి దగ్గర ఉంటుంది. మొదటి నెల నేనే చాటుగా దానికి ఫోన్ చేసి ఎవరు పిలిచారు, ఏం చెప్పావు అని ఆరా తీసేదాన్ని. దాని పద్ధతి వేరు, నేను గొడవపడే చోట అది నవ్వుతూ కూర్చుని పని చేయించుకొస్తుంది. ఒప్పుకోవడానికి నాకు చాలా కష్టమైంది.

నిన్న సోమవారం, నా వంతు. కంచిలి నుంచి ఒకామె చేసింది. నేను ‘చెప్పమ్మా’ అనగానే, ‘ఆ పాప లేదేటి? సరేలే, ఆదివారం చేస్తాను’ అని పెట్టేసింది.