వరయాడును చూడాలంటే ఏప్రిల్‌లో వెళ్లండి

కేరళలోని మున్నారుకి ఫిబ్రవరిలోనో మార్చిలోనో రూమ్ బుక్ చేసుకుంటే ఎరవికులం నేషనల్ పార్క్ మీద ఆశ వదులుకోవాల్సిందే. నీలగిరి తార్ అనే కొండమేకలు (అక్కడివాళ్లు వరయాడు అంటారు) పిల్లల్ని పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ మామూలుగా సందర్శకుల్ని రానివ్వరు. ఏటా తేదీలు కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి ముందే కనుక్కోండి. గేటు తెరిచాక, ఏప్రిల్‌లో వెళ్తే తల్లుల వెంట గెంతే పిల్లలు కనిపిస్తాయి. నా లెక్కలో అదే మంచి సమయం.

మన సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఆలువా స్టేషన్‌లో దిగితే మున్నారు సుమారు 110 కి.మీ., అందులో చాలా దూరం ఘాట్ రోడ్డు. పార్కులోకి సొంత బండి వెళ్లనివ్వరు. పార్కు బస్సులోనే రాజమల కొండ ఎక్కి, అక్కడి నుంచి తారు రోడ్డు మీద నడవాలి. మొదటి బస్సే పట్టుకోండి. ఎండెక్కాక మంచు మేఘం కొండ ఎక్కేసిందంటే పది అడుగుల అవతల ఏమీ కనపడదు. అలా కమ్మేస్తే వెనక్కి తిరగకండి, అరగంట ఆగితే ఒక్కోసారి విడిపోతుంది.

చాలామంది అడవి వైపు చూస్తారు. షోలా అడవి (పొట్టి చెట్లు దట్టంగా అల్లుకున్న కొండ అడవి) లోయల మడతల్లో ఉంటుంది, వరయాడు మేసేది పైనున్న గడ్డి వాలుల్లో. అందులోనూ నిటారు బండకి దగ్గరగా వెతకాలి, ఎందుకంటే చిరుతో రేచుకుక్కలో వస్తే పారిపోయేది ఆ బండ మీదికే. మంద మేస్తుంటే ఒకటి తలెత్తి కాపలా కాస్తుంది, ముందు దాన్ని కళ్లతో వెతుక్కోండి. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, వీపు మీద మాత్రం వెండి రంగు పట్టా ఉంటే అది ముదిరిన పోతు. ఆడవి బూడిద రంగులో, సన్నటి కొమ్ములతో ఉంటాయి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8x42 బైనాక్యులర్ చాలు.

వాలు మీద నల్లగా కాలిన పట్టీలు కనిపిస్తే కార్చిచ్చు అనుకోకండి. ఎండలు ముదరక ముందే మంటలు పాకకుండా సిబ్బందే కాల్చిన ఫైర్‌లైన్లు కావచ్చు. ఆ బూడిదలోంచి వచ్చే లేత గడ్డికి వరయాళ్లు దిగుతాయి, కాబట్టి అక్కడా ఓ కన్నేయండి.

రోడ్డు పక్కకే వచ్చి నిలబడ్డా చిప్స్ పెట్టొద్దు. ఉప్పు రుచి మరిగితే మనుషుల్నీ బండ్లనీ వదలవు. ఎదురుగా కనిపించే 2,695 మీటర్ల ఆనముడి శిఖరం ఎక్కడానికి ఈ టికెట్ పనికిరాదు. నీలకురింజి అనే నీలి పూల పొద 2018లో పూసింది, పన్నెండేళ్ల లెక్కన మళ్లీ 2030లో. ఆ పూల కోసం వచ్చే జనంలో మేకల్ని చూడటం మరిచిపోండి.

గొడుగు గాలికి తిరగబడుతుంది, రెయిన్‌కోటు పట్టుకెళ్లండి.