గ్లాసు మీద చుక్కలు

లెన్స్‌ని తిరగేసి కెమెరాకి బిగించొచ్చని పోయిన వేసవి వరకూ నాకు తెలీదు. చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్ కొనే స్తోమత లేక, రివర్స్ రింగ్ అనే చిన్న కడియం తెప్పించుకున్నాను. నా పాత 50 ఎంఎం లెన్స్‌ని దానికి వెనకా ముందూ మార్చి తగిలిస్తే, వస్తువుకి రెండు మూడు వేళ్ల దూరంలోకి వెళ్లి తీయొచ్చు. ఫోకస్ కోసం మనమే ముందుకీ వెనక్కీ జరగాలి. ఊపిరి తీసుకున్నా బొమ్మ చెదిరిపోతుంది. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ని, చిన్నది చేసి ఎఫ్ 8 పెట్టినా స్పష్టంగా వచ్చేది ఒక మిల్లీమీటరు లోపే.

మొదటి రోజు అమ్మ పోపుల డబ్బా పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ధనియం మీద నిలువు గీతలుంటాయని తెలుసు. ఒక గీత తిన్నగా, పక్కది వంకరగా, మళ్లీ ఒకటి తిన్నగా ఉంటుందని ఎప్పుడూ గమనించలేదు. జీలకర్రకి సన్నటి నూగు ఉంది. బియ్యపు గింజకి ఒక కొసన చిన్న నొక్కు ఉంటుంది కదా, ఇన్నేళ్లూ గింజ విరిగిందేమో అనుకున్నాను. మొలక ఉండే చోటు అది, పాలిష్ పట్టేటప్పుడు ఊడిపోతుంది. నాలుగు ముడిబియ్యం గింజలు తెచ్చి తీస్తే, ఆ కొసన మొలక అలాగే కనిపించింది.

మధ్యలో మంచినీళ్లు తాగి స్టీలు గ్లాసు పక్కన పెట్టాను. దాని మీద ఇంటిపేరు మొదటి అక్షరం, అమ్మ పేరు చెక్కి ఉన్నాయి. పేరంటాలకీ పెళ్లిళ్లకీ ఇచ్చిన సామాను కలిసిపోకుండా అందరూ కొట్టించుకునేవే. కెమెరా అటు తిప్పాను.

గీతలనుకున్నవన్నీ చుక్కల వరసలు. టార్చి పక్కనుంచి వేస్తే ఒక్కో చుక్కా ఒక్కో గుంట, ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ. తిన్నగా సాగిన చోట చుక్కలు ఎడంగా ఉన్నాయి, అక్షరం మలుపు తిరిగే చోట దగ్గరదగ్గరగా పడ్డాయి. అక్కడ పేరు చెక్కినాయన చెయ్యి నెమ్మదించిందన్నమాట. ఆయన ఎవరో తెలీదు గానీ ఆయన చేతి నడక నాకు కనిపించింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత ఇంటిపేరు అక్షరానికి వచ్చాను. మాది 'మ'. అందులో కుడివైపు కొమ్ము చుక్కలు మాత్రం వేరుగా ఉన్నాయి, చిన్నవి, లోతుగా దిగినవి. మిగతా అక్షరం చుక్కలు అరిగి నున్నబడ్డాయి. కొమ్ముని వేలితో మూసి చూశాను. 'వ' మిగిలింది. అమ్మ పుట్టింటి ఇంటిపేరు 'వ'తోనే మొదలవుతుంది.

లాప్‌టాప్ వంటింట్లోకి తీసుకెళ్లాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగి చూసింది.

"సారె సామానే ఇది. వచ్చిన ఏడాదే మీ నానమ్మ అన్నీ గోనెసంచిలో వేయించి బజారుకి పంపించింది, అక్షరం మార్పించడానికి" అంది. కాసేపు ఆగి, "ఒక్క గీత కలిపితే సరిపోయిందన్నమాట" అంది.

స్టూలెక్కి పై అల్మారాలోంచి నెయ్యి గిన్నె దించింది. ఆ రోజు అందులో నెయ్యి ఉందని సంచిలో వేయలేదట. పేరు దాదాపు అరిగిపోయింది. టార్చి బాగా కిందికి దించి, పదకొండోసారికి తీయగలిగాను. 'వ', కొమ్ము లేకుండా.

"ఆ ఫొటో నా ఫోన్‌కి పంపించవే" అంది అమ్మ.